మిషిన్‌కు కప్పిన తువాల

దేవరుప్పులలో ఏ ఇంటి కడప దాటినా అది వడ్రంగం చేసే వడ్ల బిక్షపతి చేతిలో రూపు కట్టిందే. దర్వాజ చట్రం నిలబెట్టిన రోజు ఇంటివాళ్లు ఆయనకు ధోతి, తువాల పెడతారు. ఆ తువాల భుజాన వేసుకుని, అవసరం లేకపోయినా నాలుగు వీధులు చుట్టి ఇల్లు చేరడం ముప్పై ఏళ్లుగా ఆయన అలవాటు. చూసినవాళ్లు పలకరించకపోతే తానే ఆగి పలకరిస్తాడు.

అలాంటిది కిరాణా సేటు దయాకర్ కొత్త ఇంటికి దర్వాజ జనగామలో కంప్యూటర్ మిషిన్ మీద చేయిస్తున్నాడని తెలిసి బిక్షపతికి రెండు రోజులు ముద్ద దిగలేదు. "మంచిగనే అయింది, నాకు బరువు తప్పింది" అని ఊళ్లో పదిమందికి చెప్పాడు. వాళ్లలో ఎవరూ ఆయన్ని అడగలేదు.

దర్వాజ లేపే రోజు పొద్దున్నే తెల్ల అంగీ తొడుక్కుని సంచి పట్టుకున్నాడు.

"ఏడికి?" అంది భార్య భాగ్య.

"జనగామకు. జర పనున్నది."

"సంచిల ఉలి, కొయ్యసుత్తె ఎందుకు మరి?"

"బస్సుల దొంగలుంటరు."

బస్టాండుకు పోయే దారిలో దయాకర్ కొత్త ఇల్లు లేదు. అయినా బిక్షపతి దాని ముందు నుంచి మూడుసార్లు నడిచాడు. మూడోసారికి లోపల లొల్లి వినబడింది.

జరిగింది ఇది. దయాకర్ తల్లి కస్తూరవ్వ ఆచారం దగ్గర రవ్వంత తగ్గే మనిషి కాదు. "చేసినోళ్లకు బట్టలు పెట్టకుంటే కడప ఊకోదు" అని ముందురోజు కొడుకును జనగామ తోలింది. చేసేది మిషిన్ కదా అంటే, "అయితే మిషిన్‌కే పెట్టు" అంది. దయాకర్ పోయి మిషిన్‌కు బొట్టు పెట్టాడు, ముందు ధోతి ఉంచాడు, పైన తువాల కప్పి దండం పెట్టుకున్నాడు. పని ముగిశాక కప్పాలన్న సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు. గిర్రున తిరుగుతూ కొయ్యను చెక్కే ములుకు తువాలను లాక్కుని, నమిలి, అక్కడికక్కడే ఆగిపోయింది. బాగుచేసే మనిషి హైదరాబాద్ నుంచి రావాలట. అప్పటికి నిలువు కొయ్యలు తయారయ్యాయి గానీ, అవి దిగాల్సిన గుంటలు కడపలో తొలవనే లేదు. ఇక ముహూర్తానికి గంట ఉంది.

"బిక్షపతన్నా" అంటూ దయాకర్ రోడ్డు మీదికి ఉరికొచ్చాడు. నిన్నటిదాకా ఉత్త బిక్షపతే.

"నాకు బస్సున్నది సేటు."

"నీకు దండం పెడ్త. ఇజ్జత్ పోతది."

"గీ మాట మొన్న రాకపాయె" అంటూనే బిక్షపతి సంచి దించాడు.

కడప మీద చెయ్యి వేసి చూశాడు. మిషిన్ చెక్కిన లత నిజంగానే బాగుంది. అది ఒప్పుకోవలసి వచ్చినందుకు ఆయనకు కడుపు మండింది. ఆ మంటతోనే ఉలి పెట్టాడు. ముహూర్తానికి ఐదు నిమిషాల ముందే రెండు కొయ్యలూ గుంటల్లోకి బిగువుగా దిగాయి. దర్వాజ లేచి నిలబడింది. బిక్షపతి పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు, పొట్టు పడిందని చెప్పాడు.

పసుపు పూశాక కస్తూరవ్వ ధోతి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "తువాల కొత్తది తెప్పిస్త బిడ్డా, జర ఆగు."

"కొత్తది నాకెందుకవ్వా? మిషిన్‌కు కప్పింది ఏది?"

దయాకర్ సిగ్గుపడుతూ బయటికి తీశాడు. నూనె మరకలు, నడుమ తలకాయ పట్టేంత చిల్లి.

"గదే కావాలె" అన్నాడు బిక్షపతి.

ఆ చిల్లిలోంచి తల దూర్చి, తువాలను ముందుకూ వెనక్కూ సరిచేసుకుని వీధిలోకి దిగాడు. ఈసారి నాలుగు వీధులు చాలలేదు, బస్టాండు దాకా పోయాడు. గిదేం తువాలన్నా అని అడిగిన ప్రతివాడి దగ్గరా ఆగి, తాపీగా చెప్పాడు.

"మిషిన్‌కు కప్పిండ్రు. పాపం, మోయలేకపాయె."