ఒకే మాట మీద

మంత్రిగారు భర్త చొక్కా ఇస్త్రీ చేస్తున్నారు. ఇంట్లో పనివాళ్లు లేక కాదు. కాలరు మడత ఆమె చెయ్యి పడితేనే కుదురుతుందట ఆయనకి.

"సభలో ఎదురు ప్రశ్నలేస్తే తడబడకు," అన్నాడు భర్త టీ తాగుతూ. "రాసిచ్చింది చదివేసి కూర్చో."

ఆయన కేసులో ఇరుక్కుని పోటీకి పనికిరాకపోతే ఆమెను నిలబెట్టారు. గెలిచింది. మంత్రివర్గంలో వాళ్ల పార్టీ వాటాకి ఒక ఆడమనిషి కావాలని ప్రధాని ఫోను చేసింది కూడా ఆయనకే. అప్పుడామె అత్తగారి కాళ్లు పడుతోంది. "ఏమేవ్, మంత్రివయ్యావ్!" అని కేకేశాడు. "అయితే అయింది గానీ, ఆ రెండో కాలు కూడా పట్టమను," అంది అత్తగారు.

ఇచ్చింది మహిళా సంక్షేమం. మొగుళ్లు తరిమేసిన ఆడవాళ్లు తలదాచుకునే గృహాలు ఆ శాఖవే. మొన్న మంత్రివర్గ సమావేశంలో వాటిని మూసేద్దామన్నారు. ఆమె వద్దని మొత్తుకుంది. "ఆడవాళ్లకి ఇళ్లు లేవా ఏంటక్కయ్యా?" అన్నాడు ఆర్థికమంత్రి. అందరూ నవ్వారు. నవ్వులు ఆగాక ప్రధాని మెత్తగా చెప్పాడు. "లోపల ఎంతైనా పోట్లాడమ్మా. గుమ్మం దాటాక అందరిదీ ఒకే మాట. కాదనుకుంటే తప్పుకోవాలి. సభకి జవాబు మాత్రం నువ్వే చెప్పాలి."

కాపురంలోనూ అదే చట్టం. కాకపోతే అక్కడ లోపల పోట్లాడే హక్కు కూడా లేదు.

"నావల్ల కాదండీ, తప్పుకుంటాను," అంది ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి.

"తప్పుకో. అట్నుంచటే పో. మళ్లీ ఈ గడప తొక్కావో, కాళ్లు విరగ్గొడతా." చొక్కా తొడుక్కుని, అద్దంలో కాలరు చూసుకున్నాడు.

పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. జీతం చేతికి రాదు, ఆయన దగ్గరికే పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సభలో ప్రతిపక్షం వైపు నుంచి ఒక ముసలాయన లేచి, ఆ గృహాలు ఎందుకు మూస్తున్నారని అడిగాడు. ఆమె లేచింది. పైన సందర్శకుల వరసలో భర్త. రాసిచ్చిన కాగితం విప్పింది. కాగితంలో అక్షరాలు అలుక్కుపోయాయి.

"అధ్యక్షా, ఇందులో ఉన్నది మంత్రివర్గం మాట. నాది కాదు. కాబట్టి నేనీ పదవిలో ఉండకూడదు, ఉండను. దీనికి జవాబు ప్రధానిగారే చెప్పాలి."

సభ గోలెత్తిపోయింది. ఆమె బయటికి వచ్చింది. ఎప్పుడూ మెట్ల దగ్గర నిలబడే సర్కారు కారు అప్పుడే వెళ్లిపోయింది. శాఖ అధికారిణి వెనకాలే పరిగెత్తుకొచ్చింది.

"ఎంత పని చేశారు మేడమ్!"

"మన గృహాలు ఇంకా మూయలేదుగా? ఇవాళ చోటుంటుందా?"

"ఉంటుంది మేడమ్. ఎవరిని పంపమంటారు?"

"దారి చెప్పమ్మా. ఎప్పుడూ కార్లో వెళ్లడమే గానీ, నడిచి వెళ్లడం తెలియదు నాకు."