వేరు కంచం

వీధి చివర ఆమె బండి మీద ఇస్త్రీపెట్టె కాలుతోంది, బట్టల కుప్ప నడుముదాకా ఉంది. అప్పుడే ఆస్పత్రి నుంచి డాక్టరమ్మ ఫోన్ చేసింది. తమ్ముడికి మందులు పనిచేయడం లేదు. మళ్ళీ అక్కే రావాలి.

వేసవిలో తన ఎముకల్లోని మూలుగ వాడికిచ్చింది ఆమే. అది వాడి ఒంట్లో నాటుకుంది గానీ, బలం పుంజుకునేలోపే ఏదో వైరస్ చొరబడింది. పేగులు పుండై, వాడు ఎముకల మూటలా పడి ఉన్నాడు.

"మీకీ వైరస్ చిన్నప్పుడే వచ్చి పోయిందమ్మా, పరీక్షలో తెలిసింది," అంది డాక్టరమ్మ. " మీ రక్తంలో కొన్ని కణాలకి దాంతో పోట్లాడటం తెలుసు. వాటిని ఏరి మీ తమ్ముడికి ఎక్కిస్తాం. కచ్చితంగా తగ్గుతుందని చెప్పలేను. ఆలస్యమైతే మాత్రం ఆ దారి కూడా ఉండదు. రేపు పొద్దున్నే రండి."

ఇంటికి వచ్చి ఆ మాటే చెప్పింది. అందులో అత్తగారి తలకెక్కింది ఒక్కటే, కోడలికి వైరస్ వచ్చిందని. భోజనాల వేళకి కోడలి కంచం, గ్లాసు పెరట్లో నీళ్ళతొట్టి పక్కకి చేరాయి.

"ఇన్నాళ్ళూ ఈ రోగం దాచుకుని నా కొడుకుతో కాపురం చేశావా తల్లీ?"

"నాకు తెలిస్తే కదా అత్తయ్యా, దాచడానికి! ఊళ్ళో సగంమందికి వచ్చి పోయేదేనట. మీకూ వచ్చే ఉంటుంది. మీ కంచం కూడా తెచ్చి ఇక్కడ పెట్టనా?"

అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

భర్త గొంతు తగ్గించాడు. "ఒకసారి ఇచ్చావు, చాల్లే. ఒంట్లో బాలేదని చెప్పెయ్. నలుగురికీ తెలిస్తే నీ చేతికి బట్టలెవరిస్తారు?"

"బట్టలు పోతే ఇంకో పని చూసుకుంటానండీ. తమ్ముడు పోతే ఇంకొకణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?"

"రేపు గడప దాటావో, మళ్ళీ ఇటు రాకు," అంది అత్తగారు. భర్త తన కంచం ముందుకి లాక్కున్నాడు.

ఆమె పెరట్లోకి వెళ్ళి కంచం కడిగి తెచ్చుకుంది. రోజూ కూర్చునే చోటే, భర్త పక్కనే కూర్చుని వడ్డించుకుంది.

"కడుపునిండా తిని రమ్మన్నారు," అంది, రెండోసారి అన్నం పెట్టుకుంటూ. అత్తగారు విసురుగా లేచిపోయింది.

తెల్లవారాక ఆస్పత్రిలో ఆమె రెండు చేతులకీ సూదులు గుచ్చారు. ఒక చేతి నుంచి వెళ్ళిన రక్తం యంత్రంలో తిరిగి, తెల్లకణాలు అక్కడ వదిలి, రెండో చేతిలోకి వస్తోంది. కదలకూడదు.

బల్ల మీద ఫోన్ మోగింది. ఇంటి నుంచే. ఆగింది. మళ్ళీ మోగింది.

"ఎత్తి మీ చెవి దగ్గర పెట్టనా అక్కా?" అడిగింది నర్సు.

ఆమె తల తిప్పలేదు.

"మోగనీ చెల్లీ. నా చేతులు ఖాళీ లేవు."