రోలరుకు అటువైపు

ఇంత ఉడుకులో మణికట్టుదాకా చేతులున్న జాకెట్టేమిటని ఇవాళైనా ఎవరో ఒకరు అడుగుతారనుకున్నాను, అడగలేదు, హోటలు దుప్పట్లు ఇస్త్రీ చేసే ఈ లాండ్రీలో కాలిన మచ్చ లేని చెయ్యి ఎవరికుంది గనక, దాక్కోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు, ఎదురుగా అక్క, అంటే మా పెద్ద తోడికోడలు, దుప్పటి అంచు పట్టుకుని నిలబడింది, ఆవిడ అటు, నేను ఇటు, మధ్యలో సెగలు కక్కే రోలరు, ఇద్దరం ఒకే ఊపున వదలాలి, ఒకరు తొందరపడి లాగితే రెండోవాళ్ళ చెయ్యి కాలుతుంది, అందుకే నా చెయ్యి కాలితే తప్పు ఎదుటిమనిషిది, ఈ గదిలో అదే చట్టం, ఆ చట్టం చాటునే బతికేస్తున్నాను.

ఏం తక్కువైందే నీకు అంటుంది అత్తగారు, ఇంట్లో నేను గోడవంక చూస్తూ కూర్చుంటే, ఏం తక్కువైందో చెప్పగలిగితే ఈ బాధెందుకు, ఏడుపు కూడా రాదు, మా పిల్ల బడిలో పాట పాడి బహుమతి తెచ్చుకుంటే నవ్వాలని గుర్తుచేసుకుని మరీ నవ్వాను, ఆ రోజే అనుకుంటా మొదటిసారి, తలుపు గడియ పెట్టుకుని, నేనే, నా చేతికే, చచ్చిపోదామని కాదు, ఒట్టు, లోపలంతా మొద్దుబారిపోయాక ఎక్కడో ఒకచోట బతికున్నట్టు తెలియాలని, తెలిసింది, కాసేపు, తర్వాత సిగ్గు, సిగ్గు మీద మళ్ళీ అదే బరువు, మునుపటికన్నా ఎక్కువ, ఈమధ్య ఆ కాసేపు కూడా నిలవడం లేదు, రెప్పపాటులో పోతోంది, చెయ్యి మాత్రం ఇంకా, ఇంకా అంటోంది, నా చెయ్యంటే నాకే భయంగా ఉంది.

ఇటు రావే, నీ పక్కన వేడెక్కువ, నేను అటొస్తా, అంటోంది అక్క, ఎందుకక్కా అన్నాను, నాది దురుసు చెయ్యే తల్లీ, నిన్న నువ్వు చేతులు కడుక్కుంటుంటే ఆ మచ్చలు చూశాను, ఒకటా రెండా, ఎన్నిసార్లు కాల్చానో నిన్ను, ఒక్కమాట అన్లేదు నువ్వు, సూపర్‌వైజరుకి చెప్పేశాను, రేపట్నుంచి రాను, మెత్తగా లాగేవాళ్ళని పెట్టుకోమన్నాను, అంటూ ముక్కు చీదుతోంది, అత్త కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు అంటారు, నా తోడికోడలు నా కోసం ఏడుస్తోంది, నేను చేసుకున్నదంతా తన నెత్తినేసుకుని ఉన్న పని కాస్తా వదులుకుంటోంది.

ఊరుకుంటే చాలు, ఆవిడ వెళ్ళిపోతుంది, అటువైపు ఎవరో వస్తారు, నా చేతుల వంక చూడనివాళ్ళు, ఇక నేనూ నా చెయ్యీ మిగులుతాం, అది హాయిగా తోచింది, అలా తోచినందుకే భయమేసి, దుప్పటి వదిలేసి, అక్కా వెళ్ళకు అన్నాను, రోలరు కాదు, నువ్వూ కాదు, నేనే, కావాలనే, ఆపుకోలేకపోతున్నాను, అక్క మిషను ఆపేసింది, చుట్టూ తిరిగి వచ్చి నా చెయ్యి పట్టుకుంది, పద, ఇప్పుడే డాక్టరు దగ్గరికి, నేనూ వస్తా అంది, నాకు కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ఎన్నాళ్ళకో, నన్ను ఆపండి అని ఎవరినైనా అడగాలని నాకు మొదటిరోజు నుంచే ఉందని, అడిగాక గాని తెలియలేదు.