గాలి వదిలిన రోజు

నేను ఒక పొరను. వెంట్రుకను నిలువునా వందల పాయలుగా చీల్చితే ఒక పాయ ఎంత సన్నగా ఉంటుందో అంత సన్నం. డప్పు మీద తోలు బిగించినట్టు నన్ను సిలికాన్ చట్రానికి బిగించారు. వేడి ఉన్న ప్రతి వస్తువూ లోలోపల వణుకుతుంది. నేనూ అంతే. నా వణుకు మాన్పడం కోసమే విశాఖలోని ఒక పరిశోధనశాలలో దమయంతి అయిదేళ్లు గడిపింది. ఆమె పీహెచ్‌డీ నా మీదే ఆధారపడి ఉంది.

గాలి తీసేసిన ఉక్కుపెట్టెలో అద్దాల మధ్య నన్ను ఉంచి లేజర్ కాంతి పంపేది. నన్ను తాకి వెళ్లిన కాంతి నేనెటు ఊగుతున్నానో చెప్పేది. వెంటనే మరో కాంతి నన్ను ఎదురు నెట్టేది, ఉయ్యాలకు చెయ్యి అడ్డుపెట్టినట్టు. అలా నేను చల్లబడేదాన్ని. చిక్కేమిటంటే, చూడటమూ ఒక తాకిడే. కాంతి పెంచితే అదిరిపోతాను, తగ్గిస్తే కనబడను. నన్ను నిలకడగా ఉంచాలనుకున్న ఆ మనుషులకు మాత్రం ఒక్కపూట నిలకడ లేదు.

ఆమె గైడు సీతాపతిగారు ఆ నెలాఖరుకు రిటైరవుతున్నారు. ఆయన వెళితే ల్యాబు మూతపడుతుంది. ఆమె దగ్గరున్న పొరల్లో పగలకుండా మిగిలింది నేనొక్కదాన్నే.

ఒక మధ్యాహ్నం ఎన్నడూ లేనంత చల్లబడ్డాను. ఎంత చల్లార్చినా ప్రకృతి వదలని కడపటి కదలిక ఒకటుంది. దాని దాకా రాబోయి ఆగిపోయాను.

“అద్దం మసకబారింది సార్. సగం కాంతి దారిలోనే పోతోంది. దాంతో పొర ఎటు ఊగుతోందన్న కబురూ పోతోంది” అంది దమయంతి.

“మార్చేద్దాం. పెట్టె తెరువమ్మా.”

“రేపు తెరుద్దామండి. గాలి మెల్లిగా వదలాలి కదా, రాత్రంతా పడుతుంది.”

“రేపు, రేపు అనుకుంటూనే ఇంతదాకా వచ్చాం” అంటూ ఆయనే వాల్వు తిప్పారు.

“సార్, మెల్లిగా...”

గాలి ఒక్క ఉదుటున వచ్చి పడింది. నేను ముక్కలైపోయాను. చప్పుడు కూడా కాలేదు. కంప్యూటర్ తెర మీద నా ఊగును చూపే గీత చదునైంది. దానర్థం ఇద్దరికీ తెలుసు.

సీతాపతిగారు స్టూలు మీద కూలబడ్డారు. “ఒక మాటైనా అను తల్లీ” అన్నారు.

“అని ఏం చేస్కోను సార్? లేవండి, టీ తాగుదాం.”

మర్నాడు విభాగాధిపతి వచ్చి అడిగితే, “పొరలో ముందే పగులుందండి” అని చెప్పింది. పక్కనే ఉన్న సీతాపతిగారు తలెత్తలేదు. ఆమె తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేదేమో.

చట్రాన్నీ నా తునకల్నీ పగిలిన గాజు వేసే డబ్బాలో పడేసింది. ఆ వారంలోనే చదువు మానేసి, ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయింది.

చివరిరోజు సీతాపతిగారు సన్మానపు శాలువాతోనే ల్యాబుకి వచ్చారు. డబ్బాలో వెతికి చట్రాన్ని బయటికి తీశారు. వెలుతురుకెత్తి చూశారు. దాని నడుమ నుంచి ఎదుటి గోడ కనబడింది. ఇంకాసేపు అలాగే చూసి, చట్రాన్ని జేబులో వేసుకుని వెళ్లిపోయారు.

నేను డబ్బా అడుగునే ఉండిపోయాను.