డేగ మాస్టారి మట్టి పరీక్ష

డేగ మాస్టారు రిటైరై ఆరేళ్ళయినా ఆ పేరు మాత్రం రిటైరు కాలేదు. ఆయన పరీక్ష హాల్లో అడుగుపెడితే చాలు, చివరి బెంచీ వాడి చొక్కా మడతలో దాక్కున్న చీటీ కూడా తనంతట తానే బయటికొచ్చి లొంగిపోయేదని చెప్పుకునేవారు. చీటీలు పట్టడం ఒక ఎత్తు, చెప్పాపెట్టకుండా పెట్టే పరీక్షలు మరో ఎత్తు. "ముందే చెబితే చదువుకొస్తారు. చదువుకొచ్చాక మీకసలు ఏం వచ్చో నాకెలా తెలుస్తుందిరా?" అనేవారు. అంతటి మనిషి, చెప్పడానికే సిగ్గేస్తోంది గానీ, అరవై నాలుగో ఏట కాపీ కొట్టారు. అదీ మట్టి పరీక్షలో.

దీనికంతటికీ మూలం ఇంటిముందున్న లాన్. మహా అయితే పాతిక కుర్చీలు పడతాయి. మాస్టారి భార్యది పోస్టాఫీసులో ఉద్యోగం. ముప్పై నాలుగేళ్ళుగా కౌంటరు కిటికీ వెనక కూర్చుని, కిటికీలో పట్టినంత మేరకే మనుషుల్ని చూసింది. ఇంకో రెండు నెలల్లో పదవీ విరమణ. ఇన్నేళ్ళ కాపురంలో మొగుణ్ణి ఆవిడ పెద్దగా ఏదీ అడిగింది లేదు. ఇప్పుడు అడిగింది.

"ఏవండీ, ఆఖరి రోజు సాయంత్రం ఆఫీసువాళ్ళందర్నీ మనింటికి పిలుస్తాను. హాలూ గీలూ వద్దు. మన లాన్ మీద కుర్చీలేసుకుని, మధ్యలో కిటికీ లేకుండా కూర్చోవాలని ఉంది."

"ఓస్, అదెంత పని! తివాచీ పరిచినట్టు చేసిపెట్టనూ?" అన్నారు మాస్టారు.

అనడానికేం, అనేశారు. లాన్ మాత్రం అప్పటికే పసుపెక్కి ఉంది. మాస్టారికి తెలిసిన వైద్యం ఒక్కటే, ఎరువు. పసుపెక్కితే ఒక డబ్బా, తగ్గకపోతే రెండు డబ్బాలు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. గడ్డి ఎంత మొత్తుకుంటే అంత పెట్టారు. పెట్టినకొద్దీ అది ఇంకా పసుపెక్కింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. మాస్టారికి షుగరుంది. ఆరు నెలలకోసారి పరగడుపున రక్తపరీక్ష. పరీక్షకి మూడు రోజుల ముందు నుంచి ఆయనంత నిష్ఠాపరుడు ముల్లోకాల్లో ఉండడు. తీపి ముట్టరు, పూటకో గంట నడుస్తారు. రక్తమిచ్చిన పది నిమిషాలకు బేకరీలో ఉంటారు. రిపోర్టు చక్కగా వస్తుంది. దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటిస్తారు. "మా ఆయన నోరు కట్టుకున్నారమ్మా" అని ఆ పిచ్చి తల్లి ఆఫీసులో చెప్పుకుని మురిసిపోతుంది.

ఒకరోజు ఆవిడే అంది. "జబ్బేమిటో తెలీకుండా పెట్టిందే పెడితే ఎలాగండీ? మట్టి పరీక్ష చేయించండి. ఆ ల్యాబులో ఆఫీసరు మీ శిష్యురాలేనట కూడాను."

ఆ శిష్యురాలు మాస్టారికి బాగా గుర్తు. ఎనిమిదో తరగతిలో వాచీ పట్టీ కింద సూత్రాలు రాసుకొస్తే పట్టుకుని, గంటసేపు క్లాసు బయట నిలబెట్టారు. ఆ పిల్ల ఇప్పుడు తన మట్టికి మార్కులు వేస్తుందా? నూటికి పదిహేను వేసి, ఎర్ర సిరాతో సున్నా చుట్టి మరీ పంపిస్తే?

ల్యాబువాళ్ళిచ్చిన కాగితంలో అంతా స్పష్టంగానే ఉంది. లాన్‌లో పది చోట్ల జానెడు లోతున మట్టి తీయాలి, శుభ్రమైన బకెట్లో కలపాలి, అందులోంచి అరకిలో సంచిలో వేసి పంపాలి. మాస్టారు బకెట్ పట్టుకుని లాన్ మధ్యలో నిలబడ్డారు. ఒకచోట తవ్వారు. బూడిద రంగులో, ఉప్పు పేరినట్టున్న మట్టి. రెండోచోటా అంతే. ఇది ఫెయిలయ్యే మొహమే అనుకున్నారు.

వరండాలో భార్య ప్రాణంగా పెంచుకుంటున్న గులాబీ కుండీ ఉంది. అందులో మట్టి నల్లగా నిగనిగలాడుతోంది. భార్య ఆఫీసుకెళ్ళింది. అటూ ఇటూ చూశారు. ముప్పై ఏళ్ళపాటు ఏ చూపుని చూసి దొంగల్ని పట్టారో అచ్చంగా అదే చూపు. ఆ తర్వాత అరకిలో మట్టి సంచిలోకి చేరింది.

రిపోర్టు దివ్యంగా వచ్చింది. సారం పుష్కలం. ఒక్క ఆమ్లగుణం మాత్రం ఎక్కువుంది, సున్నం చల్లాలి. మాస్టారు దాన్ని కూడా ఫ్రిజ్‌కి అంటించారు, షుగరు రిపోర్టు పక్కనే. అంటించకుండా ఉంటే ఎంత బాగుండేదో! భార్య కళ్ళజోడు పెట్టుకుని అక్షరం వదలకుండా చదివింది.

"సున్నం చల్లమన్నారుగా, చల్లరేం?"

"చల్లుదాంలే, తొందరేముంది?"

"నెల రోజులే ఉంది. తొందర కాక?"

నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే సున్నం చల్లాలి. మింగలేరు, కక్కలేరు. చివరికి సున్నమేగా, ఏమవుతుందిలే అని తనకు తానే చెవిలో పువ్వు పెట్టుకుని, చల్లేశారు.

ఏమవుతుందా? పది రోజులు తిరిగేసరికి లాన్ పాత కాగితం రంగుకి వచ్చింది. ఆఫీసు నుంచి వచ్చి గేటు దగ్గరే ఆగిపోయింది భార్య. చెప్పులు విప్పి, ఆ గడ్డి మీద రెండడుగులు వేసి, కాలికింద అది కరకరమంటుంటే వెనక్కొచ్చేసింది. తిట్టినా బాగుండేదనిపించింది మాస్టారికి. మర్నాడు పొద్దున్నే ఆవిడ ల్యాబుకి ఫోన్ చేసింది.

సాయంత్రానికల్లా శిష్యురాలు వచ్చింది. చేతిలో మట్టి తీసే ఇనుప గొట్టం, ఇంకో చేతిలో ఒక పొట్లం. పరీక్షకు పోగా మిగిలిన నమూనాని ల్యాబులో దాచి ఉంచుతారని మాస్టారికి తెలీదు పాపం. ఆ పిల్ల లాన్ చూసింది, పొట్లం చూసింది, మాస్టారిని చూసింది. వరండాలో కాగితం పరిచి పొట్లం విప్పింది.

"మాస్టారూ, మీ లాన్‌లోకి టీ పొడి ఎలా వచ్చిందండీ?"

"అదీ... టీ తాగుతూ అటూ ఇటూ తిరుగుతుంటాం కదమ్మా."

"గులాబీ ముల్లు కూడా ఉంది."

గుమ్మడికాయల దొంగ అనకముందే మాస్టారు భుజాలు తడుముకున్నారు. భార్య తలతిప్పి కుండీ వైపు చూసింది. గులాబీ మొక్క నెల రోజులుగా ఒక పక్కకి ఒరిగే ఉంది.

"అయ్యో అయ్యో! పక్కింటి పిల్లి తవ్విందనుకుని రోజూ దాన్ని తిట్టిపోస్తున్నానే! మీరా?"

"నేనే," అన్నారు మాస్టారు. తేలు కుట్టిన దొంగ కూడా ఇంకాస్త ధైర్యంగా నిలబడతాడు.

శిష్యురాలు నవ్వాపుకోవడానికి చాలా కష్టపడింది. "రూలు ప్రకారం గంటసేపు క్లాసు బయట నిలబడాలి మాస్టారూ. ఎలాగూ లాన్ బయటే ఉంది కాబట్టి, పది చోట్లా మీరే తవ్వండి. నేను చూస్తుంటాను."

మాస్టారు వంగి పది చోట్లా తవ్వారు. శిష్యురాలు పక్కనే నిలబడి, చీటీలున్నాయేమోనన్నట్టు ఆయన చేతులకేసి చూస్తూనే ఉంది. నాలుగో రోజున అసలు రిపోర్టు తనే తెచ్చింది.

"భాస్వరం నాలుగేళ్ళకు సరిపడా ఉంది. యూరియా పోసిన పోతకి వేళ్ళు మాడాయి. మట్టికి అసలే క్షారగుణం, దాని మీద సున్నం కూడా చల్లారు. ఇనుము ఉండీ గడ్డి అందుకోలేకపోతోంది, అందుకే ఈ పసుపు. ఒక్క పొటాషే కాస్త తక్కువ."

"అయితే ఏం పెట్టమంటావమ్మా?"

"పెట్టడం ఆపమంటాను. ఇది ఆకలి కాదు మాస్టారూ, అజీర్తి. కొంచెం పొటాష్ చల్లండి. అన్నభేది, అంటే ఇనుము ఉన్న ఉప్పు, నీళ్ళలో కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి, వారం పది రోజుల్లో రంగు తిరుగుతుంది. క్షారగుణం తగ్గడానికి గంధకం కొద్దికొద్దిగా వేయండి, దాని పనికి నెలలు పడుతుంది. మిగతాదానికి నోరు కట్టేయండి."

"ఆవిడ రిటైరయ్యే రోజుకి?"

"మొత్తం కాదు. ఆవిడ కుర్చీ వేసుకునేంత పచ్చబడుతుంది. ఇదేదో మొదటే పంపి ఉంటే ఈపాటికి తివాచీ అయ్యేది మాస్టారూ. మంచి మట్టి ఏరి పంపిస్తే, రిపోర్టు మంచిగా వస్తుంది గానీ జబ్బు ఎక్కడికి పోతుంది?"

భార్య ఆ మాట వింది. కాఫీ గ్లాసులు లోపల పెట్టడానికి వెళ్ళి, ఫ్రిజ్ మీద పక్కపక్కనే ఉన్న రెండు రిపోర్టుల ముందు చాలాసేపు నిలబడిపోయింది. మాస్టారు అది గమనించలేదు. ఆయన దృష్టంతా అన్నభేది మీదే ఉంది.

పదవీ విరమణ రోజు సాయంత్రానికి లాన్ ముప్పాతిక మువ్వీసం పచ్చబడింది. గేటు దగ్గర మూల మాత్రం బట్టతలలా మిగిలింది. దాని మీద కేకు బల్ల వేశారు. ఆఫీసువాళ్ళూ, వాళ్ళ మధ్య శిష్యురాలూ కుర్చీల్లో కూర్చుని పాత సంగతులు తవ్వుకుంటున్నారు. ఆవిడ చెప్పులు విప్పి, రెండు పాదాలూ గడ్డిలో ఆనించి కూర్చుంది. ఆ మొహం చూసి మాస్టారికి కళ్ళు చెమర్చాయి. ఆ సంతోషంలోనే బల్ల వెనక్కి వెళ్ళి మూడో కేకు ముక్క అందుకున్నారు.

అంతలో భుజాన సంచీతో ఒకాయన గేటు తీసుకుని వచ్చాడు. పోస్టాఫీసాయన కాబోలనుకుని మాస్టారే కుర్చీ లాగి వేశారు.

"ఆయన రక్తం తీసే ఆయనండీ," అంది భార్య. "మీకోసమే వచ్చారు."

"ఇప్పుడా? పరగడుపున కదూ తీసేది!"

"ఇది వేరే పరీక్షట. మూడు నెలలుగా ఒంట్లో ఎంత చక్కెర తిరిగిందో చెప్పేస్తుందట. మూడు రోజుల నిష్ఠలు దీని దగ్గర చెల్లవట."

"ముందే ఒక్క మాట చెప్పకూడదటే!"

"ముందే చెబితే చదువుకొస్తారుగా!"

లాన్ లాన్ అంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది శిష్యురాలు. ఒక్క మాస్టారి భార్య మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి, ఆయనకు మాత్రమే వినబడేలా అంది.

"ముప్పై నాలుగేళ్ళు కిటికీ వెనక ఒక్కదాన్నే కూర్చున్నానండీ. ఇకనుంచి రోజూ ఇక్కడ కూర్చుంటాను. పక్క కుర్చీలో మీరు లేకపోతే ఈ పచ్చదనం నాకెందుకు?"

మాస్టారు చేతిలోని కేకు ముక్క బల్ల మీద పెట్టేశారు. చేతికంటిన క్రీము తుడుచుకుని, కుర్చీలో కూర్చున్నారు. సంచీ ఆయన సూది తీశాడు.

"ఏ చేతికి తీయమంటారు సార్?"

మాస్టారు రెండు చేతులూ చాపారు. "నీ ఇష్టం నాయనా. నేను ఏరి ఇచ్చిన నమూనాలు చాలు," అన్నారు.