ఏ వేలు?

డాక్టర్ రామకాంత్ గుంటూరులో ప్లాస్టిక్ సర్జన్‌గా బోర్డు పెట్టింది తొంభై ఏడులో. మద్రాసులో చదివినన్నాళ్లూ అతని ధ్యాసంతా మొహాల మీదే ఉండేది. కాలిన మొహాలు, చీలిన పెదవులు బాగుచేయాలనుకునే వచ్చాడు. తీరా ఇక్కడ ఆస్పత్రి తెరిచాక వచ్చినవన్నీ చేతులు. జిన్నింగ్ మిల్లు రోలర్లో పడ్డవి, చొప్ప కోసే మిషన్లో పెట్టినవి, పత్తి లారీ తలుపు సందులో నలిగినవి.

అతనికో అలవాటుండేది. దెబ్బ ఎలా తగిలిందని అడగడానికి ముందే, "ఈ చేత్తో రోజూ ఏమేం పనులు చేస్తారు?" అని అడిగేవాడు. చెప్పిందంతా ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకునేవాడు. నర్సు ఆదెమ్మకి అది చూస్తే ఒళ్లు మండేది.

"బయట ఇరవై మంది కూచోనున్నారండీ. మీరేమో ఆవిడ పిండి ఎట్టా కలుపుద్దో కనుక్కుంటా కూచుంటే ఎట్టా?" అనేది.

జానీబీ వచ్చింది ఆ తర్వాతి సంవత్సరం జనవరిలో, పత్తి ముమ్మరంగా ఆడే రోజుల్లో. చిలకలూరిపేటలో మిల్లు పని. ఇరవై ఆరేళ్లుంటాయి. కుడి చేతి బొటనవేలి చర్మం మొత్తం, తొడుగు లాగినట్టు, మిషన్లో ఊడిపోయింది. ఎముక మిగిలింది. పేటలో ఎవరో వేలు తీసేయడమే మేలన్నారట. ఆమె భర్త బుడాన్ ఒప్పుకోక, గుడ్డ చుట్టి ఆటోలో వేసుకుని గుంటూరు తెచ్చాడు.

"ప్లాస్టిక్ వేలు పెడతారా అండీ?" అన్నాడు బుడాన్ భయంభయంగా.

"లేదయ్యా. ఆమె చర్మమే ఆమెకి వేస్తాం," అని రామకాంత్ జానీబీ వైపు తిరిగాడు. "మిల్లు కాక ఇంకేం చేస్తావమ్మా ఈ చేత్తో?"

అంత నొప్పిలోనూ ఆమె కాసేపు ఆలోచించింది. "పత్తి లేనప్పుడు మిరపకాయల తొడిమలు, అదే ముచ్చికలు తీయటానికి పోతానండి. మా వాడలో నా అంత జోరుగా తీసేవాళ్లు లేరు."

ఆ మాటా నోటుబుక్కులోకి ఎక్కింది.

గజ్జ దగ్గరి చర్మాన్ని ఒక పక్క అతుకు వదిలి కోసి, బొటనవేలి చుట్టూ చుట్టి కుట్టాడు. ఆ చర్మం కొత్తచోట నాటుకునేదాకా చెయ్యి అక్కడే అతికి ఉండాలి. మూడు వారాలు జానీబీ చెయ్యి కదపలేదు. బుడాన్ అన్నం కలిపి తినిపించాడు, జడ కూడా వేశాడు. ఆ జడ చూసి ఆదెమ్మ వార్డంతటినీ నవ్వించింది. మూడు వారాలయ్యాక విడదీస్తే వేలు నిలబడింది. కొంచెం బొద్దుగా ఉందన్నమాటే గానీ వేలు వేలే. రామకాంత్ ఫొటోలు తీసుకుని, పని పూర్తయిందనుకున్నాడు.

ఏడాదిన్నర తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. బొటనవేలి కొసన పెద్ద బొబ్బ.

"పెనం అంటుకుందండి. కమురు వాసనొచ్చిందాకా తెలవలా. ముచ్చికలు తీద్దామంటే కాయ పట్టుకున్నానో లేదో కళ్లతో చూస్తేగాని తెలవదు. వేలైతే ఇచ్చారు గానీ, ఇది నా వేలు కాదండి."

రామకాంత్‌కి ఆ మాట చాలా రోజులు చెవుల్లో మోగింది. చూడ్డానికి వేలు, పట్టుకోడానికి వేలు. స్పర్శ లేకపోతే ఆమె పనికి అది సగం వేలే. దీనికి పుస్తకాల్లో ఒక ఆపరేషన్ ఉంది. ఉంగరపు వేలి పక్క నుంచి కొంచెం చర్మాన్ని, దాని నరం తెగకుండా, రక్తనాళం తెగకుండా లేపి, అరచేతి లోపలి నుంచి దారి చేసి బొటనవేలి కొసకి తేవాలి. అతను చదువుకునేటప్పుడు పక్కన నిలబడి చూశాడు గానీ తన చేత్తో చేయలేదు. ఆ సంగతి దాచకుండా జానీబీకి చెప్పాడు.

"ఉంగరం వేలు ఒక పక్క మొద్దుబారుతుంది. నేను చేయడం ఇదే మొదటిసారి. కావాలంటే మద్రాసుకి రాసిస్తాను, అక్కడ చేయించుకోవచ్చు."

"మద్రాసాయనకి మా ముచ్చికల పని ఏం తెలుసుద్దండీ? మీరే చేయండి," అంది జానీబీ.

రెండు వేల సంవత్సరం ఫిబ్రవరిలో చేశాడు. అయిదు గంటలు పట్టింది. కట్లు విప్పిన రోజున చిన్న దూది పుల్లతో బొటనవేలి కొసని మెల్లగా తాకాడు.

జానీబీ ఉలిక్కిపడి తన ఉంగరపు వేలి వైపు చూసుకుంది. "ఇక్కడ ముట్టుకున్నారేందండీ?"

"అక్కడ కాదమ్మా. బొటనవేలు ముట్టుకున్నాను."

"కాదండి. ఉంగరం వేలే."

రెండోసారి తాకాడు. మళ్లీ అదే మాట. బొటనవేలి మీద పెట్టిన చర్మం పాత ఇంటి చిరునామాతోనే ఉత్తరాలు రాస్తోంది. ఇలా అవుతుందని అతను చదివాడు. అయితే ఎదురుగా ఒక మనిషి తన వేళ్లనే తికమకగా చూసుకుంటుంటే అది వేరు. మెదడు ఎన్నాళ్లకి నేర్చుకుంటుంది? అసలు నేర్చుకుంటుందా? పుస్తకాల్లో ఒకరు నేర్చుకుంటుందన్నారు, ఇంకొకరు ఎన్నటికీ నేర్చుకోదన్నారు.

ఆ రోజు నుంచి అతనికి అదే ధ్యాస. నెలకోసారి జానీబీని రమ్మనేవాడు. కళ్లకి రుమాలు కట్టి, బొటనవేలిని ఒకసారి దూదితో, ఒకసారి గుండుసూది తలతో, ఒకసారి చన్నీళ్లలో ముంచిన స్పూనుతో తాకి, "ఏ వేలు?" అని అడిగేవాడు. ఆమె ప్రతిసారీ "ఉంగరం వేలు" అనేది. మళ్లీ పనిలోకి వెళ్లిన కొత్తలో ఒక సంగతి చెప్పింది. మిరపకాయ మంట కూడా ఉంగరపు వేలికే పుడుతోందట. కాయ ముట్టని వేలు మండుతోందని అత్త ముందు ఊదుకుంటే, పిల్లకి మతి పోయిందని ఆవిడ ఏడ్చిందట.

రెండేళ్లలో ఇదే ఆపరేషన్ ఇంకో ఏడుగురికి చేశాడు. అందరినీ అలాగే పిలిచి, అలాగే అడిగి, అంకెలు రాసుకున్నాడు. రెండు వేల రెండులో హైదరాబాదులో జరిగిన సర్జన్ల సభలో పేపరు చదివాడు. పెద్దవాళ్ల మెదడు ఈ మార్పు నేర్చుకోదని తేల్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత జానీబీ రావడం మానేసింది. ఒక నెల, రెండు నెలలు, నాలుగు నెలలు. కార్డు రాస్తే జవాబు లేదు. వేలికేమన్నా అయిందేమోనని అతనికి దిగులు పట్టుకుంది. మార్చిలో ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి చిలకలూరిపేటలో దిగాడు. ఇంటికి వెళితే బుడాన్ కనిపించి, ఆమె కల్లంలో ఉందని చెప్పి, మోటారుసైకిలు మీద ఊరి బయటికి తీసుకెళ్లాడు.

కల్లం నిండా మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఘాటుకి రామకాంత్‌కి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆడవాళ్లు వరసగా కూర్చుని ముచ్చికలు తీస్తున్నారు. జానీబీ అటువైపు తిరిగి ఉంది. పక్కనున్నామెతో ఏదో పెళ్లి ముచ్చట చెబుతోంది. ఆమె చెయ్యి తనపాటికి తను పోతోంది. కాయ తీసుకోవడం, బొటనవేలితో ముచ్చిక మీటడం, తాలుకాయ తగిలితే పక్కకి విసరడం. ఒక్కసారి కూడా చేతి వైపు చూడలేదు. అతను దగ్గు ఆపుకుంటూ చాలాసేపు అలాగే నిలబడి చూశాడు.

అప్పుడే ఆమె చెయ్యి ఆగింది. బొటనవేలిని నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంది. ఉంగరపు వేలిని కాదు, బొటనవేలినే.

"జానీబీ!" అన్నాడు గట్టిగా.

ఆమె గబుక్కున లేచి కొంగు సర్దుకుంది. "అయ్యో, మీరు ఇక్కడికొచ్చారేందండీ?"

"ఇప్పుడు ఏ వేలు మండింది?"

ఆమె చెయ్యి చూసుకుంది. మొహంలో తికమక. "బొటనవేలు... ఉండండి. మీరు అడిగాక ఉంగరం వేలనిపిస్తోంది." మెల్లగా చెప్పింది. "ఇది చాన్నాళ్ల బట్టీ ఇట్టానే ఉందండి. పనిలో ఉంటే బొటనవేలే. మీరు కళ్లు కట్టి అడిగితే ఉంగరం వేలు. చెబుదామనుకున్నా. మీరు ఏ వేలో చెప్పమనేవారు గానీ, ఇంకేం అడిగేవాళ్లు కాదుగా."

"అందుకేనా రావడం మానేశావు?"

"కాదండి. ఒక రోజు పని పోద్ది. పైగా మీరు అడిగిన ప్రతిసారీ రెండు రోజులు చెయ్యి మళ్లీ తికమక పడేది."

రామకాంత్ ఆ మిరపకాయల పక్కనే గోతంపట్టా మీద కూలబడ్డాడు. మూడేళ్లు అడిగాడు. అడగడమే ఆమె చేతిని వెనక్కి లాగుతోందని ఒక్కసారి కూడా తట్టలేదు.

"నాది తప్పమ్మా," అన్నాడు. "చెయ్యి బాగుచేస్తున్నాననుకున్నా. పరీక్షలు పెడుతూ కూచున్నా."

పక్కనున్న ఆడవాళ్లు పని ఆపి వింటున్నారు. డాక్టరు తప్పు ఒప్పుకోవడం వాళ్లకి కొత్త. జానీబీ ముంత అందుకుని, "మజ్జిగ తాగుతారా అండీ?" అంది.

ఆ వేసవంతా అతను ఆదివారాలు, తను ఆ ఆపరేషన్ చేసినవాళ్ల ఊళ్లు తిరిగాడు. పొదిలి దగ్గర ఒక రైతు ఎద్దుకి పలుపు వేస్తుంటే చూశాడు, చీరాలలో ఒకతను తెగిన నూలుపోగు ముడేస్తుంటే చూశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. వేళ్లతో సన్నపని చేసేవాళ్లకి పనిలో ఉండగా కొత్తచోటు తెలుస్తోంది. చేతిని వాడకుండా దాచుకున్నవాళ్లకి తెలియడం లేదు. ఆ ఏడాది అదే సభలో, పోయినసారి తను చెప్పింది పొరపాటని మొదలుపెట్టి కొత్త పేపరు చదివాడు. ఈసారి చప్పట్లు తక్కువే వచ్చాయి. ప్రశ్నలు మాత్రం గంటసేపు ఆగలేదు.

రెండు వేల నాలుగులో చీరాల నుంచి ఖుర్షిదా అనే అమ్మాయి వచ్చింది. పవర్‌లూమ్ పట్టాలో పడి బొటనవేలి కొస పోయింది. ఉంగరపు వేలి నుంచి చర్మం తెస్తామంటే బెదిరిపోయింది. రామకాంత్ తను చెప్పడం ఆపి, జానీబీకి కబురు పెట్టాడు.

జానీబీ తన చెయ్యి ఖుర్షిదా ఒళ్లో పెట్టింది. "పట్టుకో. గట్టిగా నొక్కు, ఏం కాదు. మొదట్లో తికమకగా ఉంటుంది. పనిలో పడితే అదే దారికొస్తది."

ఖుర్షిదా ఆ చేతిని తిప్పి తిప్పి చూసింది. "మరి ఈ వేలు సంగతేందక్కా? దీన్దగ్గర తీసుకున్నారుగా. ఇది ఎట్టా ఉంది?" అంటూ ఉంగరపు వేలు పట్టుకుంది.

జానీబీ నవ్వింది. "ఇన్నేళ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదే! చలికాలం పొద్దున్నే ఇదే ముందు గడ్డకడద్ది. మొన్న రంజాన్‌కి ముందు ఉంగరం జారిపోయినా తెలవలా. నమాజుకి ముందు వజూకి చేతులు కడుక్కునేటప్పుడు చూసుకుంటే వేలు బోసిగా ఉంది. కాయలన్నీ తిరగేస్తే దొరికింది. ఇప్పుడు నడిమి వేలికి పెట్టుకుంటన్నా."

రామకాంత్ అప్పటికే నోటుబుక్కు మీద చెయ్యి వేశాడు. ఆరేళ్ల రాతలో ఆ వేలి గురించి ఉన్నది ఒక్క వాక్యమే. 'మొద్దుబారుతుందని చెప్పాను.' అంతే.

పుస్తకం తెరవకుండా పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఇంకా ఏమేం అవుతాయి జానీబీ? నిదానంగా చెప్పు."

గుమ్మంలోంచి ఆదెమ్మ తొంగిచూసి, బయట కూర్చున్నవాళ్లకి ఇంకాస్త ఆలస్యమవుతుందని చెప్పడానికి వెళ్లింది.