తువ్వాలు కప్పిన సినిమా

హలో, వినపడుతోందా? అందరూ బాగున్నారా? ఓ క్షణం చేతిలో పని పక్కన పెట్టి కూర్చోండి. ఎనిమిది కోర్ల ప్రాసెసర్ పెట్టిస్తే ఇంట్లో తీసుకున్న వీడియోలు త్వరగా తయారవుతాయా అని మన గ్రూపులో మొన్న ఎవరో అడిగారు. అవుతాయో లేదో, టేపులాయన సంగతి వింటే మీకే తెలుస్తుంది.

ఆ ఉదయం టేపులాయన బనియనుతో కంప్యూటర్ ముందు కూర్చుని, దూది చుట్టిన పుల్లతో టేపు ప్లేయర్ లోపల తుడుస్తున్నాడు. జనం ఇళ్లలో మూలపడ్డ వీడియో టేపులను శుభ్రం చేసి, కంప్యూటర్లోకి ఎక్కించి, చూడ్డానికి వీలుగా చేసివ్వడం ఆయన బతుకుతెరువు. కుర్చీకి అలవాటుపడి నడుం వంగిపోయింది. బొటనవేలి గోరులో టేపు నలుపు ఎన్నిసార్లు కడిగినా పోదు. ఎవరెవరి పిల్లల తొలి అడుగులో, ఎవరెవరి తాతల నవ్వులో తుడిచి మెరిపించి అప్పగించాడు గానీ, సొంత ఇంటి టేపొకటి అలమారలో బూజు పట్టిపోయింది.

అది అక్క సైకిలు నేర్చుకున్న టేపు.

అక్క పక్క గదిలో మంచం మీద ఉంది. ఇంటికి తీసుకెళ్లి అడిగింది చేసిపెట్టండి అన్నాడు డాక్టరు. ఆవిడ తిండేమీ అడగలేదు. ఆ టేపు అడిగింది.

భర్త పోయాక అక్క తమ్ముడింటికి వచ్చేసి, ఆస్పత్రి దుప్పట్లు ఉతికేచోట పనికి కుదిరింది. బస్సు వేళలు కుదరక, నలభై దాటాక సైకిలు ఎక్కింది. బరువైన కెమెరా భుజాన పెట్టుకుని తమ్ముడు వెనకాలే పరిగెత్తాడు. వీధి మలుపులో అక్క పడిందని ఆయన, పడలేదని ఆవిడ. భోజనాల దగ్గర ఏళ్ల తరబడి అదే తగాదా. ఇంటికొచ్చిన ప్రతివాడూ తీర్పు చెప్పాల్సిందే. తీర్పులన్నీ తమ్ముడి వైపే, ఎందుకంటే పడిన తీరు నటించి మరీ చూపించేవాడు.

టేపు మాత్రం ప్లేయర్లో పెడితే తెల్లటి చుక్కల వాన తప్ప ఏమీ కనపడేది కాదు. ఆ చుక్కలన్నీ ఏరి బొమ్మను బయటికి తీయాలంటే పాత కంప్యూటర్ వల్ల కాలేదు. సగంలో కొయ్యబారిపోయేది. మామూలు పనులకే దానికి పొద్దున్నుంచి చీకటి పడేదాకా పట్టేది. అందుకే ఆ ఇంట్లో ఒక ఆచారం పుట్టింది. రెండర్ పెట్టాక, అంటే సినిమా తయారుచెయ్యమని కంప్యూటర్‌కు వదిలాక, స్పీకర్లు కట్టేస్తారు. మిక్సీ వేయరు, గట్టిగా నడవరు. తెర మీద తువ్వాలు కప్పేస్తారు. చూస్తూ కూర్చుంటే పని ఎంతయిందో చూపే గీత కదలదని టేపులాయన నమ్మకం.

ముందురోజే అల్లుడు వచ్చి ఎనిమిది కోర్ల కంప్యూటర్ బిగించి వెళ్లాడు. టేపులాయన తన పాత ప్రోగ్రాంలోనే టేపు పని మొదలుపెట్టి, కోర్ల పని కనిపించే ఎనిమిది గళ్ల కిటికీ తెరిచాడు. ఒక్క గడిలోనే గీత లేచింది. మిగతా ఏడూ చదునుగా పడుకున్నాయి. అల్లుడికి ఫోను కొట్టాడు.

"ఏంటల్లుడూ, ఎనిమిదిమంది కూలీల్ని పంపానన్నావు. ఒకడు తవ్వుతున్నాడు, ఏడుగురు గట్టున కూర్చున్నారు."

"వాళ్లదేం లేదు మామయ్యా, మీ మేస్త్రీ పాతవాడు. ఆయనకి ఒక్కడికి పని చెప్పడమే వచ్చు. పక్కన కొత్త ప్రోగ్రాం ఎక్కించాను చూడండి, అది అందరికీ పంచుతుంది. టీ తాగి వచ్చేలోగా అయిపోతుంది."

టేపులాయన అందులో పెట్టి మీట నొక్కాడు. ఎనిమిది గళ్లలోనూ గీతలు ఒక్కసారి పాలు పొంగినట్టు లేచాయి. ఫ్యాను హోరెత్తింది. ఒక కోరు ఒక బొమ్మలోని చుక్కలు ఏరుతుంటే, ఇంకొకటి దాని తర్వాతి బొమ్మను అందుకుంటోంది. ఆయన చేతులు బల్ల మీదనుంచి వాటంతటవే ఒళ్లోకి వచ్చాయి. భార్యను పిలిచాడు. తడిచేతులతో వచ్చిన ఆవిడ కూడా గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మనింట్లో ఇద్దరం కలిసి ఒక మంచం జరపలేం కదండీ" అంది చివరికి.

ఆయన నవ్వుతూనే, చెయ్యి అలవాటు కొద్దీ తువ్వాలు తీసి తెర మీద కప్పేశాడు. టీ తాగేలోగా అన్న మాట కుర్రవాళ్ల గొప్పల్లో కలిపేసి, పక్క గదిలోకి వెళ్లి, సాయంత్రానికి సినిమా వేసేస్తానని అక్కకు చెప్పాడు.

"కళ్లజోడు తుడిచి పెట్టరా. అప్పుడు వెతుక్కోలేను" అందావిడ.

తుడిచి, దాని కాళ్లు విప్పి, చేతికందేలా బల్ల మీద పెట్టాడు. తోచక, అక్క చెయ్యి పట్టుకుని టేపులో ఉండాల్సిందంతా నోటితోనే చెప్పడం మొదలుపెట్టాడు. నీలం రంగు సైకిలు, చీర కుచ్చిళ్లు దోపుకోవడం, అరుగుల మీదినుంచి ఆడవాళ్ల కేకలు. అక్క కళ్లు మూసుకుని వింటోంది. పెదాలు కదులుతున్నాయి, లోపల తొక్కుతున్నట్టు.

"మలుపు వచ్చిందా?"

"వచ్చింది. ఇక్కడే కదా నువ్వు..."

"పడలేదురా తమ్ముడూ. నువ్వే చూసుకో."

అవతల ఫ్యాను హోరు ఎప్పుడు ఆగిందో ఆయన గమనించలేదు. మాటలతోనే అక్కను మలుపు దాటించి, వీధి చివరిదాకా తీసుకెళ్లి, మళ్లీ ఇంటి గుమ్మం దాకా తెచ్చాడు. అప్పటికి అక్క చెయ్యి ఆయన చేతిలో బరువెక్కింది. భార్య వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

చెప్పాల్సినవాళ్లకు చెప్పాక, ఎండ ఇంకా గుమ్మంలో ఉండగానే, ఆయన వెళ్లి తువ్వాలు తీశాడు. సినిమా ఎప్పుడో తయారై ఉంది. టీ తాగేలోగానే అయిపోయిందని పక్కనే వేళ చూపిస్తోంది. కుర్చీ లాక్కుని మీట నొక్కాడు.

చుక్కలు లేవు. వాన వెలిసినట్టుంది. అక్క చెమట కూడా మెరుస్తోంది. మలుపు వచ్చింది. సైకిలు ఊగింది. అక్క బ్రేకు పట్టి, ఒక కాలు నేల మీద గట్టిగా ఆనించి నిలబడింది. తిరగబడింది మాత్రం బొమ్మే. ఇంటి కప్పులు పక్కకు ఒరిగాయి, ఆకాశం వచ్చింది. ఆకాశంలోకి అక్క ముఖం, నవ్వుతూ, చెయ్యి చాపుతూ.

"లే, లేరా. దెబ్బ తగిలిందా?"

టేపులాయన వెనక్కి వేసి మళ్లీ చూశాడు. పడిందెవరో తెలిసింది. పక్క గదివైపు తిరిగి, "గెలిచావే అక్కా" అన్నాడు, ఆవిడ వింటున్నట్టే.

కాబట్టి, పనిని పంచే ప్రోగ్రాం ఉంటే వేగం పెరుగుతుంది, మనం నమ్మలేనంత పెరుగుతుంది. అలమారలో టేపులు దాచుకున్నవాళ్లు మీకెవరైనా తెలిస్తే ఈ కథ వాళ్లకు పంపించండి, ఇవాళే పంపించండి. టేపులాయన ఇప్పుడు తువ్వాలు కప్పడం లేదు. తెర పక్కనే, కాళ్లు విప్పి, అద్దాలు దానివైపే తిప్పి పెట్టిన అక్క కళ్లజోడు ఉంటుంది.